గూడ్సు రైళ్లకు ప్రత్యామ్నాయ మార్గాలు: కడప, కర్నూలు ప్రాంతాల అనుభవం

ప్రత్యేక వ్యాసం

వర్షాభావానికి పేరుపడిన రాయలసీమలో రైలుమార్గాలకు పెద్ద ముప్పు నీటి వల్లనే కలుగుతున్నదంటే ఆశ్చర్యం కలుగవచ్చు. ఏడాదిలో అధికభాగం ఇసుక మేటలతో ఎండిపోయి కనిపించే చెయ్యేరు, పాపాఘ్ని, చిత్రావతి, హంద్రీ వంటి నదులు ఒక్క రాత్రి కురిసిన వానకు పొంగి పొరలుతాయి. అట్టి సమయాలలో ప్రధాన మార్గం తెగిపోతే ప్రయాణికుల రైళ్లతో పాటు బొగ్గు, ఎరువులు, ఆహారధాన్యాలు, సిమెంటు, ముగ్గురాయి మోసే గూడ్సు రైళ్లు కూడా నిలిచిపోతాయి. వాటిని ఏ దారిన మళ్లించాలన్న ప్రశ్న విద్యుదుత్పత్తి మొదలు రైతుకు అందవలసిన యూరియా వరకు అన్నింటితోనూ ముడిపడి ఉన్నది.

2021 నవంబరు వరదలు

గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప, నందలూరు, రాజంపేట, ఓబులవారిపల్లె, రేణిగుంటల మీదుగా సాగే మార్గం ముంబయి–చెన్నై ప్రధాన రైలుమార్గంలో భాగం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు నదిపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయిన సంగతి విదితమే. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట తదితర తీర గ్రామాలలో తీవ్ర ప్రాణనష్టం, ఆస్తినష్టం సంభవించాయి. నందలూరు–రాజంపేటల మధ్య పట్టాల కింది మట్టి, కంకర కొట్టుకుపోయి రాకపోకలు స్తంభించాయి. ఆనాడు దక్షిణ మధ్య రైల్వేలో భాగమైన గుంతకల్లు డివిజన్ పరిధిలో అనేక రైళ్లను రద్దు చేయడం, దారి మళ్లించడం అనివార్యమైనది.

ఆ వెంటనే నెల్లూరు సమీపంలోని పడుగుపాడు వద్ద పెన్నా వరద నీరు పట్టాలపైకి చేరి విజయవాడ–గూడూరు మార్గం కూడా దెబ్బతిన్నది. ఒక మార్గానికి ప్రత్యామ్నాయమని భావించే మరొక మార్గం అదే వాయుగుండం వర్షాలకు మూతపడటం ఈ ఘటనలో ప్రత్యేకంగా గమనించవలసిన అంశం.

ఇది కొత్త అనుభవం కాదు. 1902 సెప్టెంబరులో ఇదే మార్గంలోని మంగపట్నం వద్ద వరదకు వంతెన కొట్టుకుపోగా, మెయిలు రైలు ప్రమాదానికి గురై 70 మందికి పైగా మరణించారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదలకు కర్నూలు నగరం మునిగినప్పుడు సికింద్రాబాద్–డోన్ మార్గంలో రాకపోకలకు అంతరాయం కలిగినది. ఆ మార్గం మూతపడిన పక్షంలో హైదరాబాదు వైపు నుండి వచ్చే రైళ్లు వాడి, రాయచూరుల మీదుగా గుంతకల్లు చేరవలసి ఉంటుంది.

జంట మార్గం వేరు, ప్రత్యామ్నాయ మార్గం వేరు

ఒక మార్గంలో రెండు లైన్లు ఉన్నంత మాత్రాన వరదల నుండి రక్షణ లభించదు. రెండూ పక్కపక్కనే ఉండి, ఒకే నదిని దాదాపు ఒకే చోట దాటుతాయి. కట్ట తెగిన చోటికి ముందే విడిపోయి, దానిని దాటిన తరువాత తిరిగి కలిసే దారియే నిజమైన ప్రత్యామ్నాయం.

ఈ కొలమానంతో చూస్తే కడప ప్రాంతపు పరిస్థితి స్పష్టమవుతుంది. కృష్ణపట్నం ఓడరేవు నుండి సరకు త్వరగా చేరేందుకు నిర్మించిన ఓబులవారిపల్లె–వెంకటాచలం మార్గాన్ని 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. చెర్లోపల్లి–రాపూరుల మధ్య వెలికొండలను తొలిచి నిర్మించిన 6.6 కిలోమీటర్లకు పైబడిన సొరంగం, ఆనాటికి విద్యుదీకరించిన రైలు సొరంగాలలో దేశంలోనే అతి పొడవైనది. గూడూరు, రేణిగుంటల మీదుగా చుట్టు తిరిగే అవసరాన్ని ఈ మార్గం తప్పించినది. అయితే ఇది ప్రధాన మార్గాన్ని కలిసేది ఓబులవారిపల్లె వద్ద. కట్ట తెగిన నందలూరు–రాజంపేట భాగం అక్కడికి ఉత్తరాన, కడప వైపున ఉన్నది. కావున రేవు నుండి ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం దిశగా సాగే బొగ్గు రైలుకు అట్టి సమయంలో కొత్త సొరంగం ఉన్నా ముందుకు దారి ఉండదు.

అప్పుడు మిగిలేవి ప్రధానంగా రెండు దారులు. మొదటిది రేణిగుంట, తిరుపతి, పాకాల, మదనపల్లె రోడ్, కదిరి, ధర్మవరం, అనంతపురం మీదుగా గుత్తి చేరే దారి. రెండవది కోస్తా మార్గాన గుంటూరు చేరి, అక్కడి నుండి మార్కాపురం, గిద్దలూరు, నంద్యాల మీదుగా వచ్చే దారి. 2016లో ప్రయాణికుల రైలు మొదలైన 123 కిలోమీటర్ల నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా ఈ రెండవ దారిని కడప జిల్లాతో నేరుగా కలిపినది. సిమెంటు రవాణాకు ఉపకరించే మార్గంగా పేర్కొనబడే ఈ లైను ఆపత్కాలంలో కర్నూలు, కడప ప్రాంతాలకు ముఖ్యమైన ఊతం కాగలదు.

దారి మళ్లింపు జరిగే విధానం

పటంలో గీత ఉన్నంత మాత్రాన ఆ దారిన గూడ్సు రైలును పంపడం సాధ్యం కాదు. 58 వ్యాగన్ల బొగ్గు రైలు పొడవు సుమారు 700 మీటర్లు, దానిలోని సరకు సుమారు 4 వేల టన్నులు. కంట్రోలు కార్యాలయం ముందుగా ఈ క్రింది అంశాలను పరిశీలించవలసి ఉంటుంది.

- పట్టాలు, వంతెనలు ఆ బరువును భరించగలవా
- ఒంటి లైను మార్గమైతే, ఎదురు రైలుకు దారి ఇచ్చేందుకు స్టేషనులోని లూపు లైను రైలు పొడవుకు చాలునా
- ఘాటు భాగంలో ఎత్తు ఎక్కేందుకు అదనపు ఇంజను అవసరమా
- జంక్షను వద్ద ఇంజనును రెండవ చివరకు మార్చవలసి ఉంటుందా
- ఆ మార్గం తెలిసిన లోకో పైలట్, గార్డు అందుబాటులో ఉన్నారా

చివరి అంశం సామాన్యంగా కనిపించినా కీలకమైనది. సిగ్నళ్లు, మలుపులు, వేగ పరిమితులు ఎరిగిన లోకో పైలటే ఆ దారిన రైలు నడపాలన్నది రైల్వే నియమం. పైగా దారి మళ్లిన ప్రయాణికుల రైళ్లకు సాధారణంగా తొలి ప్రాధాన్యం లభిస్తుంది కనుక గూడ్సు రైళ్లు స్టేషన్లలో వేచి ఉండక తప్పదు. ఒక రైలు ఆలస్యమైతే దాని ఖాళీ వ్యాగన్లు గని చేరడం కూడా ఆలస్యమై, తరువాతి సరఫరాపై ప్రభావం పడుతుంది.

సొరంగం మూతపడినచో

నదిపై వంతెన వలెనే సొరంగం కూడా తప్పించుకు పోలేని ఇరుకు దారి. అమెరికాలోని బాల్టిమోర్ నగరం క్రింద 1895 నుండి వాడుకలో ఉన్న హోవార్డ్ స్ట్రీట్ సొరంగంలో 2001 జూలై 18న 60 వ్యాగన్ల గూడ్సు రైలు పట్టాలు తప్పినది. ట్యాంకు వ్యాగన్ నుండి కారిన ట్రైప్రొపిలీన్ అంటుకొని మంటలు కొన్ని రోజుల పాటు కొనసాగాయి. సొరంగం పైనున్న పెద్ద నీటి గొట్టం పగిలి వీధులు జలమయమైనవి. ఆ దేశ తూర్పుతీరపు సరకు రవాణాలో కీలకమైన ఆ మార్గం మూతపడటంతో గూడ్సు రైళ్లు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగి, కొన్ని ఇతర సంస్థల పట్టాలపై సాగవలసి వచ్చినది.

ఈ అనుభవం మన ప్రాంతానికీ వర్తిస్తుంది. పైన పేర్కొన్న నంద్యాల దారి గిద్దలూరు వైపు నల్లమల కొండలను బొగద సొరంగం ద్వారా దాటుతుంది. ప్రధాన మార్గం తెగినప్పుడు ఆదుకొనే దారి స్వయంగా ఒక సొరంగంపై ఆధారపడి ఉన్నదన్న మాట. అందుచేత బొగద, వెలికొండ సొరంగాలలో నీటి పారుదల కాలువలు, గాలి ప్రసరణ, అగ్నిమాపక ఏర్పాట్లపై క్రమం తప్పని తనిఖీలు అత్యావశ్యకం.

గుంటూరు–గుంతకల్లు మార్గాన్ని జంట లైనుగా మార్చే పథకం ఈ దారి సామర్థ్యాన్ని పెంచుతుంది. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను పూర్తయినచో కోస్తా మార్గానికి పడమరగా మరొక దారి ఏర్పడుతుంది. కడప–బెంగళూరు మార్గంలో పట్టాలు పరచిన భాగం కడప–పెండ్లిమర్రిల మధ్య సుమారు 21 కిలోమీటర్లు మాత్రమే.

కొత్త మార్గాల అవసరాన్ని లెక్కించేటప్పుడు రోజువారీ రద్దీతో పాటు, ప్రధాన మార్గం మూతపడిన రోజున అవి చేయగల సేవను కూడా పరిగణనలోకి తీసుకోవడం సముచితం. చెయ్యేరు వరద నేర్పిన పాఠం ఇదియే.