మోకాళ్లు అరిగాయని కూర్చోకండి.. తొడలకు బలమిచ్చే 6 కసరత్తులు ఇవే

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కూరగాయలు, పూల సాగు ఎక్కువ. కలుపు తీయాలన్నా, ఆకుకూర కోసి కట్టలు కట్టాలన్నా గంటల తరబడి గొంతుక్కూర్చోవాల్సిందే. ఇక యాభై దాటిందంటే చాలు, "మోకాళ్లు పట్టేస్తున్నయ్" అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. నమాజులో సజ్దా నుంచి లేవలేక కుర్సీ వేసుకునేవాళ్లు, చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు పూర్తి చేయలేక మధ్యలో కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు.

నొప్పి రాగానే చాలామంది చేసే పని నడక మానేసి మంచం పట్టుకోవడం. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

లోపల ఏం జరుగుతుంది?

మోకాలి కీలులో ఎముకల చివర్లకు నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. జనం 'గుజ్జు' అనేది దీన్నే. ఇది పలచబడి కీలు దెబ్బతినడమే ఆస్టియో ఆర్థరైటిస్. పొద్దున లేవగానే కాసేపు పట్టేసినట్టు ఉండటం, మెట్లు దిగేటప్పుడు నొప్పి, కటకటమనే చప్పుడు దీని లక్షణాలు. అరిగిన పొరను తిరిగి మొలిపించే మందు ఇప్పటివరకు రాలేదు. కానీ కీలు మీద పడే భారాన్ని తొడ కండరాలు పంచుకుంటాయి. కదలకుండా కూర్చుంటే ఆ కండరాలు సన్నబడి భారమంతా కీలుపైనే పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉంది, అందులో మోకాలిదే పెద్ద వాటా. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లందరికీ కసరత్తు చెప్పాలని డాక్టర్లకు సూచించింది.

ఇంట్లో చేసుకునే కసరత్తులు

1. తువ్వాల నొక్కడం: మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టుకోండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఆపి వదలండి.

2. కాలు లేపడం: వెల్లకిలా పడుకొని ఒక మోకాలు మడవండి. రెండో కాలు వంచకుండా అడుగు ఎత్తు లేపి, 5 సెకన్లు ఆపి మెల్లగా దించండి.

3. కుర్సీలో కాలు చాపడం: వీపు నిటారుగా పెట్టి కూర్చొని, ఒక కాలు ముందుకు చాపి 5 సెకన్లు ఉంచండి.

4. పక్కకు తిరిగి లేపడం: ఒక పక్కకు పడుకొని పై కాలును నిటారుగా పైకి లేపండి. తుంటి కండరం గట్టిపడితే నడకలో మోకాలు ఊగదు.

5. మడమలు లేపడం: గోడ పట్టుకొని నిలబడి ముని వేళ్ల మీద లేచి, మెల్లగా దిగండి. పిక్కలకు మంచిది.

6. కూర్చొని లేవడం: ఎత్తైన కుర్సీని గోడకు ఆనించి పెట్టండి. మొదట చేతుల ఆసరాతో, తర్వాత ఆసరా లేకుండా లేవండి. 5 సార్లతో మొదలుపెట్టండి.

ఎంత చేయాలి?

మొదటి రెండు వారాలు మొదటి మూడు చాలు, రోజూ ఒక్కోటి 10 సార్లు. తర్వాత మిగతావి కలుపుకొని, ఒక్కోటి 10 చొప్పున రెండు, మూడు విడతలు, వారంలో కనీసం 3 రోజులు చేయండి. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయం లేదు. మర్నాటికీ తగ్గకపోతే మాత్రం లెక్క తగ్గించండి. తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఇది రికరింగ్ డిపాజిట్ లాంటిది, నెల నెలా కడితేనే చేతికి వస్తుంది. మానేస్తే బలం మళ్లీ తగ్గుతుంది.

ఇవీ గుర్తుంచుకోండి

ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని అమెరికా పరిశోధకులు 2005లో తేల్చారు. పొలంలో గొంతుక్కూర్చునే బదులు ఎత్తు పీట వేసుకోండి. నొప్పి ఎక్కువున్న రోజుల్లో నమాజు కుర్సీలో చదవడానికి షరియత్‌లో వెసులుబాటు ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ లాంటి గోలీలు రోజూ మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే, దెబ్బ తగిలి కాలు మోపలేకపోతే, కీలు మధ్యలో ఇరుక్కుపోతే, ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే కసరత్తు ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించండి. చేవెళ్లలో సర్కారు దవాఖాన, మొయినాబాద్ మండలం యెన్కపల్లిలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి, ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకసారి నేర్చుకుని మొదలుపెట్టండి.

ఇంట్లో అమ్మకో, నానమ్మకో "మీరు కూర్చోండి, మేం చేస్తాం" అనడం ప్రేమే. కానీ రోజూ పావుగంట పక్కన కూర్చొని ఈ కసరత్తులు చేయిస్తే వాళ్లకు ఇంకా మేలు.