చదువుకు తోడు పని: ఒక చిన్న చరిత్ర

“డిగ్రీ చేతికొచ్చింది, మరి ఉద్యోగమేదీ?” ఈ మాట మన ఇళ్లల్లో తరచు వినబడుతూనే ఉంటుంది. తప్పు పిల్లలదేనా? కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ఆచార్యులు ఉండేవారు. తరగతి గదిలో నేర్పలేనిది కార్ఖానా నేర్పుతుందని ఆయన నమ్మకం. 1906లో 27 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒక వారం పాఠం, మరుసటి వారం పని. ఒకడు క్లాసులో కూర్చుంటే అతని జతగాడు యంత్రం దగ్గర నిలబడేవాడు. నేటి ఇంటర్న్‌షిప్ పద్ధతికి ఇదొక ముఖ్యమైన పునాది.

మన దేశంలో 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. 1973లో చేసిన సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వారికీ అందులో చోటు దక్కింది. పిలానీలోని బిట్స్ సంస్థ అదే ఏడాది ‘ప్రాక్టీస్ స్కూల్’ ప్రారంభించి, విద్యార్థులను పరిశ్రమలకు పంపసాగింది. ఇంజనీరింగేతర పట్టభద్రులకు చట్టం తలుపు తెరిచింది మాత్రం 2014 సవరణతోనే. అంటే మన బి.ఏ., బి.కామ్. పిల్లలు చాలాకాలం గడప బయటే నిలబడ్డారన్నమాట!

“ఇంత చదివించి, ఆ కొద్దిపాటి స్టయిపెండు కోసం ఏడాది పంపాలా?” అని తండ్రి అడగడం సహజమే. ఇంటి ఖర్చు ఆగదు కదా. పైగా శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం యజమానిపై చట్టం పెట్టలేదు. ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. కాని నీళ్లలో దిగనిదే ఈత రాదు. వేళకు రావడం, లెక్క సరిచూడటం, తెలియనిది అడగడం, తప్పు చేస్తే ఒప్పుకోవడం పుస్తకంలో దొరికేవి కావు. నేర్చుకోవాలన్న పట్టుదల కూడా చేతిలో పని పడ్డాకే పెరుగుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఏం పని నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, ఎంత ఇస్తారు, ఒప్పందం కాగితం మీద ఉంటుందా అని చేరేముందే అడగాలి. ఏడాదంతా టీలు మోయించి సర్టిఫికెట్ చేతిలో పెడితే అది శిక్షణ కాదు.

చివరిగా సభ్యులకు ఒక మనవి. మనలో దుకాణదారులున్నారు, ఆడిటర్లున్నారు, వర్క్‌షాపులు నడిపేవారున్నారు. ఒక్కొక్కరు ఏటా ఒక్క విద్యార్థినో విద్యార్థినినో దగ్గర పెట్టుకొని పని నేర్పితే చాలు. స్కాలర్‌షిప్పు చదువు పూర్తి చేయిస్తుంది. ఈ సాయం ఆ చదువును అన్నం పెట్టేదిగా చేస్తుంది.