ఫైర్‌బాల్: ఒక పునర్విచారణ

రయాన్ ఎఫ్‌ఆర్-1 ఫైర్‌బాల్‌కు విమాన చరిత్రకారులు సాధారణంగా ఒక పేరాకు మించి చోటివ్వరు. ముక్కున పిస్టన్ ఇంజన్, తోకలో జెట్ ఇంజన్ పెట్టుకుని రెండు పడవల మీద కాళ్లు వేసిందనీ, అసలు జెట్లు రాగానే తప్పుకుందనీ తేల్చేస్తారు. అది దిగాల్సిన విమానవాహక నౌకను మాత్రం పట్టించుకోరు.

అమెరికా నౌకాదళంలో అడ్మిరల్ జాన్ మెకెయిన్ ప్రోద్బలంతో పుట్టిన ఈ విమానం 1944 జూన్ 25న తొలిసారి ఎగిరింది. 1945 మార్చిలో తొలి స్క్వాడ్రన్‌కు చేరింది. పోరాటం చూడకముందే యుద్ధం ముగిసింది.

ఆనాటి జెట్ ఇంజన్‌లో త్రాటిల్ తోసినా బలం వెంటనే అందేది కాదు. పొడవాటి రన్‌వే మీద ఆ ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చు. నౌక మీద కుదరదు. అప్పటి డెక్ మీద విమానం దిగే దారికి సూటిగా ఎదురుగా బారియర్, దాని వెనక నిలిపి ఉంచిన విమానాలు. దిగబోయే పైలట్‌ను మళ్లీ చుట్టి రమ్మని సంకేతమిస్తే బలం ఆ క్షణంలోనే కావాలి. అది ప్రొపెల్లర్ వల్లే అయ్యేది. పైగా జెట్ ఇంధనాన్ని తెగ తాగేది. అందుకే మామూలు ప్రయాణానికి పిస్టన్, పైకెక్కడానికీ పోరాటానికీ జెట్ అని పని పంచారు. రెండింటికీ ఒకే పెట్రోలు.

1945 నవంబర్ 6న వేక్ ఐలండ్ నౌకపై దిగబోతున్న ఎన్సైన్ జేక్ వెస్ట్‌కు పిస్టన్ ఇంజనే మొరాయించింది. జెట్ అందుకుని దిగాడు. నౌకపై తొలి జెట్ ల్యాండింగ్‌గా దీన్ని రికార్డుల్లో చేర్చారు. కానీ అది గత్యంతరం లేని దిగుడు. అనుకుని చేసిన తొలి జెట్ ల్యాండింగ్ డిసెంబర్ 3న ఓషన్ నౌకపై బ్రిటన్ పైలట్ ఎరిక్ బ్రౌన్‌ది. రికార్డు ఎవరిదన్న తగాదా కన్నా, ఒక ఇంజన్ పోతే రెండోది కాచిందన్నదే నాకు ముఖ్యం.

మరి ఎందుకు ఓడింది? ప్రధానంగా ఒంట్లో బలం లేక. అంతకుముందు యుద్ధవిమానమే కట్టని రయాన్ సంస్థ నిర్మాణం నౌకపై గట్టి ల్యాండింగ్‌లకు నిలవలేదు. 1947లో పక్కన పెట్టేశారు. ఇదే పద్ధతిలో వచ్చిన కర్టిస్ ఎక్స్‌ఎఫ్15సీ మూడు నమూనాలతోనే ఆగింది. 1946 జూలైలో మెక్‌డొనెల్ ఫాంటమ్ జెట్ బలం ఒక్కదానితోనే రూజ్‌వెల్ట్ నౌక నుంచి లేచి, తిరిగి దిగిన మాట నిజమే. అయినా రెండు పిస్టన్లు, ఒక జెట్ ఉన్న ఏజే సావేజ్ అణుబాంబర్ 1948లో ఎగిరి, తర్వాత నౌకాదళ సేవలో నిలిచింది. పద్ధతే తప్పయితే దాన్నెందుకు తీసుకున్నట్టు?

జెట్ బలం ఆలస్యంగా అందే చిక్కును, దిగే దారిని ఒక పక్కకు తిప్పి 1950ల్లో తెచ్చిన వాలు డెక్ చాలావరకు తీర్చింది. ఎదురుగా అడ్డం లేదు గనుక, విమానాన్ని పట్టి ఆపే తీగ తప్పితే మళ్లీ ఎగిరిపోవచ్చు. నేటి నౌకాదళ పైలట్ చక్రాలు తాకగానే త్రాటిల్ పూర్తిగా తోస్తాడు, బలం కోసం ముందే సిద్ధపడాలన్న జాగ్రత్తతోనే. ఇంజన్ల పట్టికలు వల్లించే నేటి గ్రంథాలు డెక్ చరిత్రను విడిగా రాయడం వల్లే ఈ సంబంధం కనబడకుండా పోయింది. ఫైర్‌బాల్ గొప్ప యుద్ధవిమానం కాదు. కానీ దాన్ని వింతల జాబితాలో చేర్చడం చరిత్ర అనిపించుకోదు.