కాంచన్‌బాగ్‌లో కరిగిన ఉక్కు



ప్రత్యేక సంచికకు మన వృత్తికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన దేశపు క్షిపణుల గురించి, రాకెట్ల గురించి చాలా పుస్తకాలు వచ్చాయి. వాటిలో పెద్దల పేర్లుంటాయి, ప్రయోగాల తేదీలుంటాయి. ఆ రాకెట్టు గొట్టం ఏ లోహంతో తయారయింది, ఆ లోహం ఎక్కడ కరిగింది అన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ముప్పై ఏళ్ళకు పైగా ఫర్నేసుల దగ్గర పనిచేసినవాణ్ణి కనుక ఆ ఒక్క వాక్యాన్ని కొంచెం పొడిగిస్తాను.

హైదరాబాదు దక్షిణపు చివర, చాంద్రాయణగుట్ట దారిలో, ఒకప్పుడు రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీలేని చోట రక్షణ పరిశోధనశాలలు వెలిశాయి. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగమ్ ఏర్పడ్డాయి. రెండోదాన్ని అందరం మిధాని అనేవాళ్ళం. అక్కడి లోహ పరిశోధనశాల తయారుచేసిన ట్యాంకు కవచానికి 'కాంచన్' అన్న పేరు మన కాంచన్‌బాగ్ నుంచే వచ్చిందని చాలామందికి తెలియదు. అది వేరే కథ. నేను చెప్పబోయేది మరేజింగ్ ఉక్కు గురించి.

ఘన ఇంధనంతో నడిచే రాకెట్టు గొట్టాన్ని మన ఇళ్ళలోని ప్రెషర్ కుక్కరుతో పోల్చవచ్చు. లోపల మంట, విపరీతమైన ఒత్తిడి. పగలకూడదంటే గోడ మందంగా ఉండాలి. మందంగా ఉంటే బరువు. ఆ బరువంతా ఉపగ్రహం బరువులోంచి తగ్గించుకోవలసిందే. కాబట్టి పలుచగా ఉండి కూడా పగలని ఉక్కు కావాలి. 1980లో రోహిణిని పైకి తీసుకువెళ్ళిన ఎస్.ఎల్.వి.-3 మొదటి దశ వ్యాసం ఒక మీటరు. దానికి వాడిన ఉక్కు దానికి సరిపోయింది. ఆ తర్వాత తలపెట్టిన పి.ఎస్.ఎల్.వి. మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు, అయిదు ముక్కలుగా చేసి కలిపిన గొట్టం. అందులో సుమారు 130 టన్నుల ఇంధనం. పాత ఉక్కు ఇక్కడ చాలదు.

మరేజింగ్ ఉక్కును 1960 ప్రాంతంలో అమెరికాలో కనిపెట్టారు. మామూలు ఉక్కుకు బలం కర్బనం వల్ల వస్తుంది. దీనిలో కర్బనం దోషం! నూటికి 0.03 వంతు మించకూడదు. బలమంతా 18 శాతం నికెల్, 8 శాతం దాకా కోబాల్టు, 5 శాతం మాలిబ్డినం, చిటికెడు టైటానియం కలయిక వల్ల వస్తుంది. దీని గొప్పతనమేమిటంటే మొదట మెత్తగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది. వంచవచ్చు, తరుగుపట్టవచ్చు, వెల్డింగు చేయవచ్చు. అన్నీ అయ్యాక 480 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలు ఉంచితే కొలతలు దాదాపు మారకుండానే బిగుసుకుపోతుంది.

వినడానికి సులువుగానే ఉంది. చేయడంలో ఉంది కష్టం. ఇంత బలమున్న ఉక్కులో కంటికి కనిపించని మలినం కూడా పగులుకు మొదలవుతుంది. శిక్షణ రోజుల్లో మాకు ఒక ఉదాహరణ పదే పదే చెప్పేవారు. 1965 ఏప్రిల్‌లో అమెరికాలో 260 అంగుళాల వ్యాసంతో ఇదే జాతి ఉక్కుతో చేసిన పెద్ద రాకెట్టు గొట్టాన్ని నీళ్ళతో నింపి పరీక్షిస్తుంటే, అనుకున్న ఒత్తిడిలో సగం దాటగానే ముక్కలైపోయింది. కారణం వెల్డింగు పక్కన తనిఖీలో దొరకని చిన్న లోపం. అంత డబ్బు, అంత అనుభవం ఉన్న దేశానికే అలా జరిగింది. బలం ఇంకా ఎక్కువగా ఉండే రకాలు ఉన్నా మనవాళ్ళు 250 రకంతో ఆగడానికి కారణం ఇదే. బలం పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది.

అందుకే ఈ ఉక్కును రెండుసార్లు కరిగిస్తారు. మొదట గాలి తీసేసిన ఫర్నేసులో విద్యుత్తుతో కరిగించి పొడవాటి దిమ్మెగా పోస్తారు. ఆ దిమ్మెనే ఎలక్ట్రోడుగా వేలాడదీసి, నీళ్ళతో చల్లబరిచే రాగి మూసలో మళ్ళీ ఆర్కు కొట్టి చుక్కచుక్కగా కరిగిస్తారు. వాయువులు పోతాయి, మలినం తగ్గుతుంది. ఆర్కు పక్కకు తిరిగి రాగి గోడను కరిగించిందంటే నీళ్ళు మరిగే లోహంలో పడి విస్ఫోటనమే. అందువల్ల మేము గోడకు ఇవతల కూర్చుని తెరమీద వెలుగు చూస్తూ, ఓల్టుమీటరు ముల్లు చూస్తూ గంటల తరబడి ఉండేవాళ్ళం. ముల్లు వణుకు ఎలాంటిదైతే మంచిది, ఎలాంటిదైతే కాదు అన్నది ఏ మాన్యువలులోనూ ఉండదు. మాకంటే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నాం.

అంతా స్వదేశీయే అని వేదికల మీద అంటుంటారు. నాకు అది సబబనిపించదు. సాంకేతిక సహకారం మొదట్లో ఫ్రెంచి, జర్మను కంపెనీల నుంచి వచ్చింది. నికెల్, కోబాల్టు మన దేశంలో దొరికేవి కావు. మనది అనదగినది ఏమిటంటే, ప్రతి పోతా ముందరి పోతలాగే రావడం. ఒక్క మంచి దిమ్మె ఎవరైనా చేయగలరు. పదో దిమ్మె, వందో దిమ్మె కూడా అలాగే రావాలి. ఆ క్రమశిక్షణను ఎవరూ అమ్మరు. 1987లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం బయటికి పోకుండా నియంత్రణ వ్యవస్థ పెట్టుకున్నప్పుడు ఆ జాబితాలో మరేజింగ్ ఉక్కు కూడా ఉంది. డబ్బు పెట్టినా దొరకదని తేలిపోయింది. అదే వ్యవస్థలో మన దేశం 2016లో సభ్యత్వం పొందడం చూసి నవ్వుకున్నాను.

ఇక్కడి ఉక్కు మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్‌లోనూ, ఎల్ అండ్ టి వారి దగ్గరా గొట్టాలుగా మారింది. శ్రీహరికోటలో దానిలో ఇంధనం నిండింది. 1993 సెప్టెంబరు 20న మొదటి ప్రయోగం విఫలమైంది. కాలనీలో ఆ రాత్రి చాలామందికి నిద్రలేదు. మొదటి దశ సరిగానే పనిచేసిందని, తప్పు పైన కంప్యూటరు ప్రోగ్రాములో జరిగిందని తెలిశాక గుండె కుదుటపడింది. ఇది చెప్పుకోవడం సంకుచితంగా ఉంటుందని తెలుసు. అయినా నిజం. 1994 అక్టోబరు 15న జయం కలిగింది. ఆ తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. చంద్రయాన్-1, 2013లో మంగళ్‌యాన్ వెళ్ళినవి ఆ రాకెట్టు మీదే. 2023లో చంద్రయాన్-3ను ఎత్తిన పెద్ద రాకెట్టు పక్క గొట్టాలు 3.2 మీటర్ల వ్యాసం గలవి. అవీ ఈ ఉక్కే. అగ్ని వరుస క్షిపణుల్లోనూ దీన్ని వాడారు.

ఇంట్లో మాత్రం మేము ఏమీ చెప్పేవాళ్ళం కాదు. నైట్ షిఫ్టుకు వెళ్తుంటే పిల్లలు ఎక్కడికి అనడిగితే "ఉక్కు పోయడానికి" అనేవాణ్ణి. నా శ్రీమతికి పి.ఎస్.ఎల్.వి. సంగతి తెలిసింది పేపరులో చూసే. పండగ రోజుల్లో ఫర్నేసు ఆపడం కుదరదని ఆమె తిన్న మాటలకు లెక్కలేదు, ముఖ్యంగా మా అత్తగారింట్లో.

ఇప్పుడు ఫర్నేసులు కంప్యూటర్లతో నడుస్తున్నాయి. మంచిదే. కానీ మాతోపాటు తొలి పోతలు చూసినవారిలో సగం మంది లేరు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. రహస్యం కానివి చాలా ఉన్నాయి: ఎవరు ఏ షిఫ్టులో ఎవరికి పని నేర్పారు, ఏ దిమ్మె ఎందుకు పక్కన పెట్టారు, వెల్డరు చేతిని ఎలా పరీక్షించేవారు. మెల్టింగు, వెల్డింగు, తనిఖీ విభాగాల్లో పనిచేసిన సభ్యులు, లేదా వారి పిల్లలు, గుర్తున్నంత మేరకు రాసి సంఘం కార్యాలయానికి పంపితే వచ్చే సంచికలో వరుసగా వేస్తామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు. అక్షరాలు కుదరకపోయినా ఫరవాలేదు, చదివి పెట్టడానికి నేనున్నాను.