కిలోన్నర యంత్రం, నలభై ఏళ్ల రాజకీయం

తరచూ ప్రయాణించే వ్యాపారి ల్యాప్‌టాప్ కొనబోయే ముందు అడిగే ప్రశ్నలు నాలుగు. బరువెంత? చేయి జారితే బతుకుతుందా? బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? ధర ఎంత? ఇవి కేవలం ఇంజనీర్లు తేల్చే విషయాలని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే ఈ నాలుగింటి మీదా ఏదో ఒక ప్రభుత్వపు వేలిముద్ర కనిపిస్తుంది.

ముందుగా దృఢత్వం సంగతి. మూత తెరిస్తే తెర, మూస్తే పలక అయ్యే రూపాన్ని లోకానికి పరిచయం చేసినది 1982 నాటి గ్రిడ్ కంపాస్. మెగ్నీషియం తొడుగు, 8 వేల డాలర్లు దాటిన ధర. సామాన్యుడికి అందని ఆ యంత్రాన్ని అమెరికా అంతరిక్ష సంస్థ, సైన్యం కొన్నాయి. అంటే గట్టి ల్యాప్‌టాప్‌కు తొలి పోషకుడు వ్యాపారి మాత్రమే కాదు, ప్రభుత్వం కూడా. నేటి ప్రకటనల్లో ఘనంగా కనిపించే 'మిల్ ఎస్‌టీడీ 810' కూడా 1962లో అమెరికా సైనిక అవసరాల కోసం పుట్టిన ప్రమాణమే. అయితే ఆ ముద్ర ఇచ్చే అధికార సంస్థ ఏదీ లేదు. ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. 122 సెంటీమీటర్ల ఎత్తునుంచి 26 సార్లు జారవిడిచే పరీక్షను ఒకే యంత్రంపై కాక, ఐదు నమూనాలకు పంచి చేయడానికీ ఆ ప్రమాణం అనుమతిస్తుంది. కాబట్టి 'సైనిక ప్రమాణం' అన్న మాట విని మురిసిపోకుండా, ఏయే పరీక్షలు, ఎన్ని యంత్రాలపై అని అడగడమే వివేకం.

ధర కథ ఇంకా లోతైనది. 1987 ఏప్రిల్‌లో చిప్‌ల తగాదాలో జపాన్‌ను శిక్షించదలచిన రీగన్ ప్రభుత్వం కొన్ని జపాన్ వస్తువులపై నూరు శాతం సుంకం వేసింది. వాటిలో ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. ఆ వేసవిలోనే తోషిబా అనుబంధ సంస్థ సోవియట్ యూనియన్‌కు నిషిద్ధ యంత్రాలు అమ్మిందన్న ఆగ్రహంతో అమెరికా చట్టసభ సభ్యులు పార్లమెంటు భవనం ఎదుటే తోషిబా రేడియోను సుత్తులతో పగలగొట్టారు. దృశ్యం రక్తి కట్టింది కానీ పరిశ్రమ మాత్రం తిరిగి రాలేదు.

అసలు పాఠం 1991లో ఉంది. స్వదేశీ తెరల తయారీదారులను కాపాడేందుకు జపాన్ నుంచి వచ్చే యాక్టివ్ మ్యాట్రిక్స్ తెరలపై అమెరికా 62.67 శాతం యాంటీ డంపింగ్ సుంకం విధించింది. పూర్తయిన ల్యాప్‌టాప్‌పై మాత్రం ఆ భారం లేదు. ఫలితం ఊహించదగినదే. విడిభాగం ఖరీదు, వస్తువు చౌక అయినప్పుడు, వస్తువును బయటే తయారుచేసి తెచ్చుకోవడం లాభం. ఐబీఎం, యాపిల్, కాంపాక్ ముందే గగ్గోలు పెట్టాయి. కొన్ని సంస్థలు తయారీని సరిహద్దు దాటించాయి. 1993లో సుంకం రద్దయింది. వెళ్లిపోయిన అసెంబ్లీ లైన్లు వెనక్కి రాలేదు.

మన కథ దీనికి తలకిందులుగా మొదలైంది. విదేశీ వాటా తగ్గించుకోవాలన్న షరతుకు ఒప్పుకోక 1978లో ఐబీఎం దేశం విడిచింది. ఆ ఖాళీలో హెచ్‌సీఎల్, విప్రో ఎదిగాయి. తర్వాత 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి కంప్యూటర్లపై సుంకాన్ని సున్నా చేశాం. ఆ సున్నా వల్ల సాఫ్ట్‌వేర్ రంగానికి చౌకగా యంత్రాలు దొరికాయి. బెంగళూరు, హైదరాబాద్ కొలువుల వెనుక ఆ నిర్ణయం ఉంది. కానీ హార్డ్‌వేర్ పరిశ్రమకు నిలదొక్కుకునే వ్యవధి మిగలలేదు.

అదే 2005లో మరో మలుపు. వ్యాపార ప్రయాణికుల ఇష్టయంత్రమైన థింక్‌ప్యాడ్‌ను ఐబీఎం చైనా సంస్థ లెనోవోకు అమ్మింది. బాధ్యతలతో కలిపి ఒప్పందం విలువ 175 కోట్ల డాలర్లు. అమెరికా భద్రతా సమీక్ష ఆమోదించినా, మరుసటి ఏడాదే తాను కొన్న లెనోవో కంప్యూటర్లను రహస్య నెట్‌వర్క్‌లలో వాడబోమని ఆ దేశ విదేశాంగ శాఖ ప్రకటించాల్సి వచ్చింది. గల్వాన్ తర్వాత 2020 జులైలో మన కేంద్రం కూడా, సరిహద్దు పంచుకునే దేశాల సంస్థలు ప్రభుత్వ టెండర్లలో పాల్గొనాలంటే ముందుగా నమోదు కావాలని నిబంధన తెచ్చింది.

బ్యాటరీకీ ఇదే లెక్క. విమాన భద్రతా నియమాలు ప్రత్యేక అనుమతి లేకుండా 100 వాట్ అవర్ల వరకే ఒప్పుకుంటాయి గనుక, పెద్ద యంత్రాలు సైతం 99 దగ్గర ఆగిపోతాయి. 2017 మార్చిలో దుబాయ్, అబుధాబి, దోహా సహా పది విమానాశ్రయాల నుంచి అమెరికా వెళ్లే విమానాల క్యాబిన్‌లో ల్యాప్‌టాప్‌లను నిషేధించినప్పుడు, గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే హైదరాబాద్ ప్రయాణికుడి యంత్రం సామాను గదిలోకి వెళ్లింది. తేలిక, దృఢత్వం అన్న సుగుణాలు ఒక్క ఉత్తర్వుతో అర్థం మార్చుకున్నాయి.

ఈ నేపథ్యంలో 2023 ఆగస్టు 3ను గుర్తు చేసుకోవాలి. ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని కేంద్రం ప్రకటించింది. మర్నాడే అమలును అక్టోబరు చివరి వరకు వాయిదా వేసింది. చివరికి అది ఆన్‌లైన్ అనుమతి విధానంగా మెత్తబడింది. ఒకనాడు నూరు శాతం సుంకం వేసిన అమెరికాయే ఈ నిర్ణయంపై అభ్యంతరం చెప్పడం చరిత్ర చమత్కారం. అంతకుముందు మే నెలలో ఐటీ హార్డ్‌వేర్‌కు 17 వేల కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించారు. ఉద్దేశం సరైనదే. దిగుమతిపై ఆధారపడిన దేశం తన పాలనా యంత్రాంగాన్ని ఇతరుల చేతిలో పెట్టినట్టే. కానీ రాత్రికి రాత్రి లైసెన్సు తెచ్చి, తెల్లారేసరికి వెనక్కి తగ్గే ప్రభుత్వాన్ని నమ్మి ఏ పెట్టుబడిదారు పదేళ్ల ఫ్యాక్టరీ కడతాడు?

1991 చెప్పిన నీతి సూటిగానే ఉంది. తెర, చిప్, బ్యాటరీ మనకు అందుబాటులో లేకుండా చివరి వస్తువుపై కంచె వేస్తే, మిగిలేది స్క్రూలు బిగించే పరిశ్రమ. విడిభాగాలపై భారం మోపితే అదీ మిగలదు. ల్యాప్‌టాప్ దృఢత్వాన్ని పదే పదే జారవిడిచి పరీక్షిస్తారు. విధానం దృఢత్వానికి పరీక్ష ఒక్కటే, అది ఎంతకాలం మారకుండా నిలిచిందన్నది. ఆ పరీక్షలో మనం ఇంకా ఉత్తీర్ణులం కాలేదు.