అన్నం పక్కన ఏముంది?

మన తెలుగువాళ్ళం ఎదురుపడితే "అన్నం తిన్నారా?" అని అడుగుతాం. పప్పు తిన్నారా, కూర తిన్నారా అని ఎవరూ అడగరు. తక్కువ డబ్బుతో ఇంటిల్లిపాదికీ మంచి తిండి ఎలా పెట్టాలా అని ఆలోచించినప్పుడల్లా నాకు ఈ పలకరింపే గుర్తొస్తుంది. వందేళ్ళుగా ప్రభుత్వాలూ, శాస్త్రవేత్తలూ, వ్యాపారులూ మన బియ్యం చుట్టూనే తిరిగారు. ఆ చరిత్ర కాస్త తిరగేస్తే మన నెల ఖర్చుల పుస్తకానికి పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

ముందుగా దంపుడు బియ్యం కథ. మిల్లులు రాకముందు వడ్లు దంచడం ఆడవాళ్ళ పని. రోలు, రోకలి, చేట, జల్లెడ, వాటితో పాటు భుజాల నొప్పులు. లేనివాళ్ళు తమ ఇంటికి దంచుకున్నాక కలిగినవాళ్ళ ఇంటికి కూలికి వెళ్ళి దంచేవారు. ఎంత దంచినా గింజ మీద తవుడు పొర కొంత మిగిలేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కోస్తా జిల్లాల్లో మిల్లులు పెరిగాయి. ఆడవాళ్ళ భుజాలకు విశ్రాంతి దొరికింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. దంచి బతికేవాళ్ళకు మాత్రం ఆ కూలి పోయింది. అందరి కంచాల్లోకీ మల్లెపూవులాంటి అన్నం వచ్చింది.

దాని వెనకే బెరిబెరి కూడా పెరిగింది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టి ఉబ్బడం, ముదిరితే గుండె బలహీనపడడం ఆ జబ్బు లక్షణాలు. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1890లలోనే ఒక సంగతి గమనించాడు. బాగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు చచ్చుబడ్డాయి, తవుడుతో ఉన్న బియ్యం పెడితే కోలుకున్నాయి. మన దేశంలో 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో దేశంలో ఈ జబ్బు బాగా కనిపించిన చోటు ఏదనుకున్నారు? మన ఉత్తర సర్కారు జిల్లాలే.

పక్కనున్న తమిళ దేశంలోనూ అన్నమే తిండి, అయినా అక్కడ ఇంత లేదు. కారణం వంటింట్లోనే ఉంది. వాళ్ళు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను పొట్టుతోనే ఉడికించి ఎండబెట్టి ఆడిస్తే పై పొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, మిల్లుకి అంతగా చిక్కదు. మనవాళ్ళు పచ్చిబియ్యం మరాడించి, నాలుగుసార్లు కడిగి, వండి గంజి వార్చేవారు. మిల్లు దగ్గర కొంత, కడుగులో కొంత, గంజిలో కొంత పోయేది. ఆ గంజినే పులియబెట్టి తరవాణి కుండ నిలిపిన ఇళ్ళలో మాత్రం పోయినదాంట్లో కొంతైనా తిరిగి కడుపులోకే చేరేది. తరవాణిని పేదల తిండి అని చిన్నచూపు చూసినవాళ్ళు ఆలోచించాల్సిన సంగతి ఇది.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు మారింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్నాం.

అయితే బియ్యం చెడ్డది, జొన్న మంచిది అని తేల్చేద్దామా? అలా తేల్చడానికీ వీల్లేదు. తెలంగాణలో జొన్నే ముఖ్యమైన తిండిగా బతికిన పేద కూలీల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట, మెడ మీదా చేతుల మీదా, చర్మం నల్లబడి పగుళ్ళు వస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి కూడా చలిస్తుంది. హైదరాబాదులోనే సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దీని మీద పనిచేసి, జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడం ఒక కారణమని 1960లో రాశారు. ఆ కారణం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. ఇల్లు నడిపే మనకు కావలసిన సంగతి మాత్రం తేలికే. జొన్నరొట్టెతో పాటు పప్పు, పాలు, ఆకుకూర, మాంసం తినగలిగినవాళ్ళ జోలికి ఆ జబ్బు పెద్దగా రాలేదు. గటకలోకి కారం, ఉల్లిగడ్డ తప్ప ఏమీ లేనివాళ్ళనే పట్టుకుంది.

తర్వాతి మలుపు 1983. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించిందో మన ముందు తరం ఆడవాళ్ళను అడగండి. పండగకో చుట్టం వస్తేనో వరి అన్నం వండిన మెట్ట ఊళ్ళలో అది రోజువారీ తిండయింది. రొట్టె చేసే చాకిరీ తగ్గింది, అదీ మేలే. కానీ తెలంగాణలో, రాయలసీమలో జొన్న, కొర్ర, సజ్జ చేలు తగ్గుతూ వచ్చాయి. ఆ చేలల్లో ఒక్క జొన్నే ఉండేది కాదు. సాళ్ళ మధ్య కంది, పెసర, అనుములు, గట్ల మీద తుమ్మికూర, దొగ్గలికూర లాంటివి వాటంతటవే మొలిచేవి. జొన్న పోయినప్పుడు వాటితో పాటు ఇంటి పప్పూ, కూరా కూడా పోయాయి. గింజ చౌకగా దొరికింది, పక్కవి కొనుక్కోవలసి వచ్చింది.

జహీరాబాదు ప్రాంతంలో 1983లోనే మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు ఈ సంగతిని బాగా పట్టుకున్నాయి. ఎక్కువగా పేద దళిత మహిళలైన ఆ రైతులు పడావు భూముల్ని సాగులోకి తెచ్చి, ఒకే చేనులో పలు పంటలు కలిపి వేసి, ఊళ్ళోనే జొన్న నిల్వ చేసి పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. 2019లో వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. ఇప్పుడు పట్నం దుకాణాల్లో కొర్రల ప్యాకెట్టు సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతోంది. కొనలేకపోయామని ఏ తల్లీ దిగులు పడక్కర్లేదు. ఏ గింజయినా ఒంటరిగా మనల్ని కాపాడలేదని పై రెండు జబ్బులూ చెబుతున్నాయి కదా.

ఇక లెక్కలోకి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం 2000 కేలరీలు అవసరమైన మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు కావాలి. అలాంటివాళ్ళు నలుగురున్న ఇంటికి నెలకు ధాన్యం 30 కిలోలు, పప్పులు 10 కిలోలు. ఆహార భద్రత చట్టం కింద మనిషికి 5 కిలోల చొప్పున నెలకు 20 కిలోల ధాన్యం 2023 నుంచి ఉచితంగా వస్తోంది. అంటే ధాన్యంలో మూడింట రెండు వంతులు ప్రభుత్వం చూసుకుంటోంది. పప్పు మాత్రం చాలావరకు మన చేతి డబ్బే.

అందుకే బియ్యం మీద మిగిలిన డబ్బుకు ఒక పద్దు ఉండాలి. అది చల్లగా సన్నబియ్యం మీదకో, బిస్కట్ల మీదకో జారిపోకుండా పప్పు డబ్బాలోకి వెళ్ళాలి. కందిపప్పు వంద దాటిందని మానేయక్కర్లేదు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు వారంలో మూడు రోజులు సాగిస్తాయి. మునగాకు, తోటకూర, గోంగూర ఏ కాలంలోనైనా మన అందుబాటులోవే. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. బియ్యం రెండుసార్లకు మించి కడగకండి, ఎసరు సరిపడా పెట్టి గంజి వార్చకుండా వండండి. వీటికి పైసా ఖర్చు లేదు.

ఇంకొక్క మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఒకటి రోజూ మన కళ్ళ ముందే జరుగుతోంది. అందరూ తిని లేచాక గిన్నెలో అన్నం మిగులుతుంది, పప్పు మిగలదు. చివర కూర్చున్న ఇల్లాలు ఆవకాయ బద్దతో, మజ్జిగతో కానిచ్చేస్తుంది. కడుపు నిండుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రేపటి నుంచి వడ్డించే ముందే మీ వంతు పప్పు ఒక గిన్నెలో తీసి పెట్టుకోండి. ఇంట్లో కోడలు చివర తింటుంటే ఆమెకూ తీసి పెట్టండి.