ప్రవాసభారతీయుల ప్రణయహాస్యచిత్రములు: తండ్రి పాత్ర

హాస్యము శృంగారమునుండి పుట్టునని భరతాచార్యుల మతము. విదేశములందుఁ గాపురమున్న భారతీయుల ప్రణయములను గూర్చి వెలువడిన చలనచిత్రములను బరికించినచో నీ మతమునకుఁ జిన్న యనుబంధ మొకటి చేర్పవలసియున్నదని తోఁచుచున్నది. వానియందు నవ్వు పుట్టునది నాయికానాయకులవలనఁ గాదు, కన్య తండ్రివలన. ఆ తండ్రి యే శాసనము ననుసరించి, యెట్టి స్థితిలో నా దేశమున దిగెనో యెఱుఁగనిదే యా నవ్వునకు మూలము తెలియదు. చలనచిత్రములు కాలక్షేపమునకేగాని చరిత్రకుఁ బనికిరావని మన పండితులలోఁ గొందఱు త్రోసివేయుచుందురు. ఈ విషయమున నట్లు చేయుట నష్టమే.

తండ్రియుఁ గూఁతురు నుండవలెనన్న ముం దిల్లుండవలెను గదా! ఇరువదవ శతాబ్ది ప్రారంభమునఁ గాలిఫోర్నియాకుఁ బోయిన పంజాబు కర్షకులలోఁ బెక్కండ్రకు స్వదేశమునుండి భార్యలను రప్పించుకొను వీలు లేకపోయెను. 1917 నాఁటి శాసనము భారతీయుల ప్రవేశమునకే యడ్డుకట్ట వేసెను. వారిలోఁ బలువురు మెక్సికో స్త్రీలను వివాహమాడి యక్కడనే స్థిరపడిరి. 1946లోఁ దలుపు కొంచెము తెఱవఁబడెను గాని యది యేఁటికి నూర్గురికి మాత్రమే. 1965 నాఁటి శాసనము దేశముల ననుసరించిన పాత పరిమితులను దొలఁగించి, విద్యాధికులకును వారి కుటుంబములకును ద్రోవ యిచ్చెను. వైద్యులు, ఇంజనీయర్లు భార్యాపుత్రసమేతముగాఁ దరలిరి. వారిలో నాంధ్రులును గలరు. వేఱొక యంశము: పదునాఱు అమెరికా రాష్ట్రములలో వర్ణాంతరవివాహము 1967 వఱకును శాసనవిరుద్ధము. నేరమనఁబడిన పెండ్లిని గూర్చి ప్రహసనము వ్రాయుట కష్టము.

ఇట్లు రంగము సిద్ధమైన పిమ్మట 1987లో జంధ్యాల దర్శకత్వమున "పడమటి సంధ్యారాగం" వెలువడెను. విజయశాంతి సంధ్యగాను, అనంతరము హాలీవుడ్డునఁ బేరువడసిన టామస్ జేన్ క్రిస్ గాను, గుమ్మలూరి శాస్త్రి తండ్రిగాను నటించిరి. కథ చిన్నది. అమెరికాలో నున్న యాచారపరుఁడగు తెలుఁగు గృహస్థుని కూఁతురు పొరుగింటి శ్వేతయువకుని వలచును, తండ్రి యొప్పుకొనఁడు. ఈ తండ్రి నెవ్వరును స్వదేశమునుండి తఱుమలేదు. ఆ దేశమున నుండుట కిష్టపడినవాఁడే యా దేశపు వరుని నల్లునిగాఁ జేసికొన నిష్టపడఁడు. హాస్యమంతయు నీ వైరుధ్యమున నున్నది. మన యగ్నిహోత్రావధానులే విమాన మెక్కెనని నాకుఁ దోఁచును. "కన్యాశుల్కము" నాఁటినుండియుఁ బెండ్లివిషయమునఁ దండ్రి మొండితనమును జూచి నవ్వుట తెలుఁగువారికి నలవాటే గనుక నీ చిత్రము మనకుఁ బరాయిదిగాఁ దోఁపదు.

ఇఁక మీరా నాయర్ 1991లోఁ దీసిన "మిసిసిపి మసాలా"ను జూడుఁడు. అందలి తండ్రి జై, కంపాలలో న్యాయవాది. 1972లో ఈదీ అమీను ఆసియావాసులను వెడలఁగొట్టఁగా నతఁడు తుదకు మిసిసిపిలోని గ్రీన్‌వుడ్డు చేరి, బంధువుల మోటెలులోఁ దలదాఁచుకొనును. పోయిన యింటికై ఉగాండా ప్రభుత్వమునకు విజ్ఞప్తులు వ్రాయుచుండును. కూఁతురు మీనా తివాచీలు శుభ్రపఱచు వృత్తిగల నల్లజాతి యువకుని వలచును. తండ్రి నిరాకరణమునకు మూల మాచారము గాదు. ఆఫ్రికా నల్లవారిదే యని ప్రాణమిత్రుఁడు పలికిన మాట రేఁపిన గాయము. గురీందర్ చడ్ఢా 2002లోఁ దీసిన "బెండ్ ఇట్ లైక్ బెకమ్"లోని తండ్రియు నట్టివాఁడే. నైరోబీలో మేటి బంతిగాఁడుగా నుండి యింగ్లండునకు వచ్చినపుడు, అతని తలపాగాను జూచి యచ్చటి క్రికెట్టువారు నవ్విరి. ఆ నవ్వు కూఁతునకుఁ దగులరాదని యామెను ఫుట్‌బాల్ ఆడవలదనును. ఆ సంగతి యతఁడు చెప్పుకొనువఱకు మనము నవ్వుచునే యుందుము, తరువాత నవ్వలేము.

ఈ రెండింటితోఁ బోల్చినపుడు మన చిత్రము తేలిక. ఇది దర్శకుని లోపముగాదు. 1965 నాఁటి శాసనము ఏఱి పిలిచిన తండ్రులకుఁ దూర్పు ఆఫ్రికా గుండా వచ్చినవారి గాయములు లేవు. కాని ప్రవాసాంధ్రులందఱు నమెరికా వైద్యులుగారు. మారిషసునకు, నాతాలునకు, మలయాకుఁ గూలికై పోయినవారు గలరు. ఆ యిండ్లలోని పెండ్లిమాటలను విన్న తెలుఁగు హాస్యచిత్రకారు లరుదు. 1942లో జపాను సేనలకు వెఱచి బర్మానుండి కాలినడకను కొండలు దాఁటి యస్సామునకు వచ్చినవారిలోఁ దెలుఁగు తండ్రు లనేకులుండిరి.